నగరంలో నీడ

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదు నగరాన్ని ముంచెత్తింది. వేలాదిమంది ప్రాణాలు కోల్పోయారు. ఇండ్లు నేలమట్టమయ్యాయి. వంతెనలు కొట్టుకొనిపోయాయి. ఆ జలప్రళయంలో అఫ్జల్‌గంజ్ వద్ద నదీతీరాన ఉన్న ఒక చింతచెట్టును ఆశ్రయించి సుమారు 150 మంది బ్రతికి బయటపడ్డారు. తరువాతి కాలంలో ఆ చెట్టు ఉన్న తావులోనే ఉస్మానియా వైద్యశాల భవనం వెలిసింది. వృద్ధవృక్షం మాత్రం ఆ ప్రాంగణంలో అలాగే నిలిచి ఉన్నది.

ఈ సంఘటనను చెట్టు చేసిన మేలుగా చెప్పుకొనడం పరిపాటి. అందులో గమనించవలసిన మరొక విషయం ఉన్నది. ఆ చెట్టు కాపాడింది తనకు చేరువలో ఉన్నవారిని. కోసు దూరంలో ఎన్ని ఉద్యానవనాలు ఉన్నప్పటికీ, వరదలో చిక్కిన మనిషికి అవి అక్కరకు రాలేదు. వరద విషయంలో కనబడిన ఈ సత్యం ఎండ విషయంలో మరింత స్పష్టంగా కనబడుతుంది. నీటిని గొట్టాల ద్వారా, విద్యుత్తును తీగల ద్వారా ఒక పేట నుండి మరొక పేటకు తరలించవచ్చు. నీడను తరలించే ఉపాయం ఇంతవరకు లేదు. అది చెట్టు ఉన్నచోటనే పడుతుంది.

తెలుగువారి పూర్వసంప్రదాయంలో వనప్రతిష్ఠ సప్తసంతానాలలో ఒకటి. చెరువు త్రవ్వించడం, గుడి కట్టించడం, కావ్యం వెలయించడం వంటి వాటితో సమానంగా తోట వేయించడాన్ని పెద్దలు పరిగణించారు. అంతకు చాలా ముందే అశోకచక్రవర్తి బాటల వెంట మర్రిచెట్లు నాటించానని, అవి పశువులకూ మనుష్యులకూ నీడనిస్తాయని శాసనం వ్రాయించాడు. రాజోద్యానంలో నాటిన చెట్టుకూ బాటప్రక్కన నాటిన చెట్టుకూ గల భేదం ఆ శాసనకర్తకు తెలుసు. మొదటిది యజమానికి చెందుతుంది. రెండవది ఆ దారిన పోయేవారందరిదీ.

హైదరాబాదు పేటల పేర్లను పరికిస్తే ఆ నగరం ఒకప్పుడు ఎంతటి పచ్చదనంతో అలరారిందో అర్థమవుతుంది. బషీర్‌బాగ్, జాంబాగ్, మూసారాంబాగ్, బాగ్‌లింగంపల్లి వంటి పేర్లలోని ‘బాగ్’ అనే ఉర్దూ పదానికి తోట అని అర్థం. మహాత్మాగాంధీ బస్సుస్టేషను ఉన్న ప్రాంతం పేరు ఇమ్లీబన్, అనగా చింతలవనం. చింతల్‌బస్తీ, నేరేడ్‌మెట్ వంటి పేర్లు తెలుగులో అదే కథను చెబుతున్నాయి. ఈ పేర్లలో చాలావాటికి మూలమైన తోటలు నేడు లేవు. పాతనగరంలోని దేవిడీల విశాలమైన ఆవరణలు తరతరాల పంపకాలలో ముక్కలై, ఆ ముక్కలలో ఇండ్లు లేచి, ఇండ్లమీద అంతస్తులు లేచాయి. పెరటిలోని జామచెట్టూ వాకిటిలోని వేపచెట్టూ ఒక్కొక్కటిగా అదృశ్యమయ్యాయి. దానికి ఎవరినీ నిందించనక్కరలేదు. నలుగురు అన్నదమ్ములకు నాలుగు గదులు కావలసివచ్చినప్పుడు చెట్టు పక్షాన వాదించేవారు ఉండరు.

మరొకవైపు బంజారాహిల్స్, జూబిలీహిల్స్ వంటి ప్రాంతాలలో స్థలాలు పెద్దవి, వీధులు వెడల్పయినవి. ఇంటికీ ప్రహరీకీ నడుమ మట్టినేల మిగిలి ఉంటుంది. ఆ ప్రాంతంలోనే 1998లో జాతీయోద్యానంగా ప్రకటింపబడిన కాసు బ్రహ్మానందరెడ్డి ఉద్యానవనం దాదాపు 390 ఎకరాలలో విస్తరించి ఉన్నది. ఒకే నగరంలో ఒక పేటవారు ఉదయపు నడకకు వనంలోకి వెళ్తుండగా, మరొక పేటవారు చిన్న నీడకోసం దుకాణపు పందిరిక్రింద నిలబడవలసివస్తున్నది. చెట్టులేని ఊరిలో ఆముదపు చెట్టే మహావృక్షమన్న సామెత కొన్ని ఇరుకు సందులకు అక్షరాలా వర్తిస్తుంది.

ఈ తారతమ్యం కేవలం కంటికింపుకు సంబంధించినదైతే దానిని గురించి ఇంతగా చెప్పుకొనవలసిన పని లేదు. వేసవిలో అది ప్రాణాలకు సంబంధించిన విషయమవుతుంది. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో వెయ్యిమందికి పైగా మరణించారు. ఎండదెబ్బ అందరినీ సమానంగా తాకదు. బండిమీద పండ్లు అమ్ముకొనేవారు, బస్తాలు మోసే హమాలీలు, ఆటో నడిపేవారు, వీధులు ఊడ్చేవారు, భవననిర్మాణ కూలీలు మధ్యాహ్నవేళ ఆరుబయటనే ఉంటారు. వారిలో అనేకులు సాయంకాలం చేరుకొనే ఇంటికి రేకుల కప్పు ఉంటుంది. పగలంతా కాగిన గోడలు, తారురోడ్లు రాత్రివేళ ఆ వేడిని మెల్లమెల్లగా బయటికి విడుస్తాయి. పగటి తాపం నుండి రాత్రి కోలుకొనే అవకాశం శరీరానికి లేకపోవడమే వడగాడ్పుల రోజులలో మిక్కిలి ప్రమాదకరమైన స్థితి.

చెట్టు రెండు విధాల చల్లదనాన్నిస్తుంది. మొదటిది నీడ. ఎండ నేలనూ గోడనూ తాకకుండా ఆకులు అడ్డుకొంటాయి. నీడలో ఉన్న నేల లేదా గోడ ఉపరితలం, తీవ్రమైన ఎండకు గురైన దానికంటె 11 నుండి 25 డిగ్రీల సెల్సియస్ వరకు చల్లగా ఉండవచ్చునని శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు. రెండవది బాష్పోత్సేకం. వేళ్లు పీల్చిన నీరు ఆకుల రంధ్రాలగుండా ఆవిరిగా మారి వెలుపలికి పోతుంది. ఆవిరి కావడానికి కావలసిన ఉష్ణాన్ని అది పరిసరాల నుండి గ్రహిస్తుంది. కొత్తకుండలో నీరు చల్లబడటానికి కారణమైన సూత్రమే ఇక్కడ కూడ పనిచేస్తున్నది. అయితే వేళ్లకు నీరు అందినప్పుడే ఇది సాధ్యం. మొదలు చుట్టూ సిమెంటు పోసిన చెట్టు దాహంతో ఉన్న చెట్టు. అది నీడను ఇవ్వగలదు కాని చల్లదనాన్ని పూర్తిగా ఇవ్వలేదు.

ఈ చల్లదనం ఎంతదూరం వ్యాపిస్తుందన్న ప్రశ్నకు అమెరికాలోని మాడిసన్ నగరంలో జరిగిన పరిశోధన సమాధానమిచ్చింది. విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఆ నగరపు వీధులలో పరిశోధకులు సైకిలుకు ఉష్ణమాపకాన్ని అమర్చి, పలుమార్లు తిరిగి, వీధివీధికీ వేడిమిని కొలిచారు. 2019లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. ఒక వీధిసముదాయంలో నేలలో 40 శాతానికి మించి చెట్ల గొడుగు కప్పినప్పుడు పగటి వేడిమి ఎక్కువగా తగ్గుతున్నదని, ఆ ప్రభావం ప్రధానంగా ఆ వీధిసముదాయం మేరకే కనబడుతున్నదని తేలింది. అనగా నగరానికి ఒక మూలన ఉన్న మహావనం మరొక మూలన ఉన్న సందును చల్లబరచదు. నీడ పంపకం ప్రతి పేటలోనూ వేరువేరుగా జరగవలసిందే.

ఇటువంటప్పుడు నగరం మొత్తానికి కలిపి చెప్పే లెక్కలు ఎంతవరకు ఉపకరిస్తాయన్నది ఆలోచించవలసిన విషయం. భారత అటవీసర్వేక్షణ సంస్థ 2021 నివేదిక ప్రకారం 2011లో 33.15 చదరపు కిలోమీటర్లుగా ఉన్న హైదరాబాదు నగర వనవిస్తీర్ణం 2021 నాటికి 81.81 చదరపు కిలోమీటర్లకు పెరిగింది. దేశంలోని మహానగరాలన్నింటిలోనూ అదే అత్యధికమైన పెరుగుదల. 2015లో ప్రారంభమైన హరితహారం పథకం క్రింద విస్తారంగా మొక్కలు నాటారు. అంతర్జాతీయ పురస్కారాలు కూడ లభించాయి. ఈ కృషిని తక్కువ చేసి చూడరాదు. కాని ఆ సంస్థ లెక్కించే పద్ధతిని కూడ తెలుసుకొనడం అవసరం. కనీసం ఒక హెక్టారు విస్తీర్ణం ఉండి, అందులో 10 శాతం మేరకైనా చెట్ల గొడుగు ఉన్న నేలనే అది వనవిస్తీర్ణంగా పరిగణిస్తుంది. సందు మొగలో ఒంటరిగా నిలిచిన రావిచెట్టు ఆ లెక్కలోకి రాదు. దానిని కొట్టివేసినా ఆ అంకె తగ్గదు. శివారులోని ఒక గుట్టమీద వనం పెరిగితే మాత్రం నగరమంతా పచ్చబడినట్లు కనబడుతుంది. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకొనడం అన్న నానుడిని ఇక్కడ వాడటం పరుషమే కావచ్చు. అయినా మొత్తం అంకె గొప్పదైనంత మాత్రాన ప్రతి వీధికీ అందులో వాటా చేరినట్లు భావించరాదు.

ఈ విషయమై నెదర్లాండ్స్‌కు చెందిన అటవీశాస్త్రవేత్త సెసిల్ కొనినెండైక్ 2021లో సులభమైన ఒక కొలతను ప్రతిపాదించాడు. ప్రతి ఇంటినుండి మూడు చెట్లయినా కనబడాలి. ప్రతి పేటలో 30 శాతం నేలమీద చెట్ల గొడుగు ఉండాలి. ప్రతి ఇంటికీ 300 మీటర్ల లోపల ఒక ఉద్యానం ఉండాలి. మూడు, ముప్పై, మూడువందలు అన్న ఈ సూత్రాన్ని సాధించడం భారతీయ నగరాలకు సులభం కాదు. అయితే ఇందులోని విశేషం అంకెలలో లేదు. కొలవడం నగరం నుండి కాక ఇంటి కిటికీ నుండి ప్రారంభం కావడమే ఇందులోని విశేషం.

చెట్ల పంపకంలోని అసమానత దానంతట అదే ఏర్పడుతుందా, లేక మనుష్యుల నిర్ణయాలవల్ల ఏర్పడుతుందా? దీనికి అత్యంత స్పష్టమైన నిదర్శనం అమెరికాలో లభిస్తుంది. 1930వ దశకంలో అక్కడి ప్రభుత్వసంస్థ ఒకటి ఇండ్ల ఋణాల నిమిత్తం రెండువందలకు పైగా నగరాల పటాలను తయారుచేసింది. ఋణమివ్వడం ప్రమాదకరమని భావించిన పేటలకు ఎరుపురంగు పూసింది. ఆ ఎర్రని పేటలలో అధికభాగం నల్లజాతివారు, వలసవచ్చినవారు నివసించేవి. వాటికి ఋణాలు అందలేదు. ఉద్యానాలు రాలేదు. రహదారులు, కర్మాగారాలు మాత్రం వచ్చాయి. 1968లో చట్టం ఆ వివక్షను నిషేధించింది. అయినా 2020లో 108 నగర ప్రాంతాలను పరిశీలించిన ఒక అధ్యయనం, ఒకప్పుడు ఎరుపురంగు పూసిన పేటలు ఇతర పేటలకంటె సగటున 2.6 డిగ్రీల సెల్సియస్ అధికంగా వేడెక్కుతున్నాయని వెల్లడించింది. పటంమీద రంగు చెరిగిపోయి అర్ధశతాబ్దమైనా నేలమీద వేడి చెరగలేదు. చెట్టు ఎదగడానికి పట్టే కాలం చాలా ఎక్కువ కనుక, ఒకనాటి అన్యాయపు ఫలితం రెండు మూడు తరాలవరకు వెంటాడుతుంది.

ఆ అన్యాయాన్ని సరిదిద్దబోయిన డెట్రాయిట్ నగరానికి ఎదురైన అనుభవం మరింత ఆలోచింపజేస్తుంది. 2011, 2014 సంవత్సరాల మధ్య అక్కడి స్వచ్ఛందసంస్థ ఒకటి చెట్లు లేని వీధులలో ఉచితంగా మొక్కలు నాటుతామని ముందుకు వచ్చింది. అర్హమైన 7,425 ఇండ్లలో దాదాపు 1,800 ఇండ్లవారు తమకు చెట్టు వద్దని వ్రాసి ఇచ్చారు. నాలుగు ఇండ్లలో ఒకటి అన్నమాట. నీడ లేని వీధిలో నివసించేవారు నీడను ఎందుకు తిరస్కరించారు? వారికి చెట్ల విలువ తెలియదని అధికారులు మొదట భావించారు. క్రిస్టీన్ కార్మైకేల్ అనే పరిశోధకురాలు ఆ ఇండ్లవారితో మాట్లాడినప్పుడు వేరే కారణాలు తెలిసివచ్చాయి. ఒకప్పుడు డెట్రాయిట్ వీధులలో ఎల్మ్ అనే జాతి చెట్లు బారులుతీరి ఉండేవి. ఒకే జాతి కావడంవల్ల తెగులు సోకినప్పుడు లక్షలకొద్దీ నశించాయి. నగరం ఆర్థికంగా చితికిపోయిన తరువాత ఎండిన మానులను తొలగించే దిక్కు లేకపోయింది. కొమ్మలు విరిగిపడటం, ఆకులు కాలువలకు అడ్డుపడటం, వేళ్లు నడకదారిని పెళ్లగించడం వంటి బాధలన్నీ ఇంటివారే పడ్డారు. 1967నాటి అల్లర్ల తరువాత ఆకాశంనుండి నిఘావేయడానికి అడ్డులేకుండా పాలకులు చెట్లు కొట్టించారన్న నమ్మకం కూడ కొందరు వృద్ధులలో ఉన్నది. అన్నింటికీ మించి, ఏ మొక్క నాటాలో, ఎక్కడ నాటాలో వారిని ఎవరూ అడగలేదు. వారు కాదన్నది చెట్టును కాదు. తమను అడగకుండా తమ వాకిట నాటి, నాటినవారు వెళ్లిపోయే పద్ధతిని.

ఈ అనుభవం తెలుగునాట కూడ వర్తిస్తుంది. ఇరుకు వీధిలో మొక్క నాటడం అంటే గొయ్యి త్రవ్వడంతో ముగిసే పని కాదు. అక్కడి నేలలో మట్టికంటె కూలిన గోడల రాళ్లు, సున్నం, ఇటుకముక్కలే ఎక్కువగా ఉంటాయి. వాటిని ఏరివేసి, ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపి నింపనిదే వేళ్లు పారవు. క్రింద నీటిగొట్టం, మురుగుకాలువ, పైన కరెంటు తీగలు ఉంటాయి. నీటిట్యాంకరు సందులోకి రాలేదు కనుక మొదటి మూడు వేసవులు ఎవరో ఒకరు బిందెతో నీరు పోయవలసిందే. ఆ వీధిలో కుళాయినీరు రెండు రోజులకొకసారి వచ్చేటట్లయితే, ఆ బిందెడు నీరు ఇంటి ఇల్లాలి వంతులోనుండి తగ్గుతుంది. మేకలనుండి కాపాడటానికి ఇనుపకంచె కావాలి. ఇంత శ్రమ ఉన్నచోటనే మొక్కకు ఎక్కువ ధనం కేటాయించవలసి ఉండగా, సాధారణంగా మొక్కకు ఇంత అని ఒకే వెల కట్టడం జరుగుతుంటుంది. ఆ వెలకు సులభంగా బ్రతికే స్థలాలు శివారులోనే దొరుకుతాయి. అందువల్ల మొక్కలు అక్కడికే పోతాయి. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. సమానమైన వెల అసమానమైన నీడకు దారితీస్తున్నది.

మొక్కల ఎంపికలోనూ తొందరపాటు కనబడుతుంది. త్వరగా పచ్చబడుతుందని నగరాలలో విరివిగా నాటిన కోనోకార్పస్ మొక్కపై అభ్యంతరాలు రావడంతో తెలంగాణ ప్రభుత్వం 2022లో దాని పెంపకాన్ని నిలిపివేసింది. వేప, కానుగ, నేరేడు, రావి వంటివి నిదానంగా ఎదిగినా దీర్ఘకాలం నిలుస్తాయి. రావి, మర్రి వంటి మహావృక్షాలకు సందులు చాలవు. పాఠశాల ఆవరణ, శ్మశానవాటిక, గుడి, మసీదు ప్రాంగణాలు, బస్సులు ఆగే చోట్లు వాటికి తగినవి. ఇంటి ముందటి కొద్దిపాటి స్థలానికి పొగడ, మునగ వంటివి చాలును. అన్నిచోట్లా ఒకే జాతిని నాటడం డెట్రాయిట్ చేసిన పొరపాటును మళ్లీ చేయడమే. 2021 ప్రాంతంలో తెలంగాణలోని వేపచెట్లు కొనకొమ్మల నుండి ఎండిపోతూ వచ్చినప్పుడు, వేప తప్ప మరొక చెట్టులేని వీధులు ఏమవుతాయన్న భయం అనేకులకు కలిగింది.

నాటడంకంటె కాపాడటం కష్టతరం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో వచ్చిన నీరు, భూమి, వృక్షాల చట్టాన్ని ‘వాల్టా’ అని వ్యవహరిస్తారు. ఆ చట్టం ప్రకారం అనుమతి లేకుండా చెట్టును నరకరాదు. 2013లో జాతీయ హరిత న్యాయస్థానం ఢిల్లీలోని చెట్ల మొదళ్ల చుట్టూ ఒక మీటరు మేర సిమెంటును తొలగించవలసిందిగా ఆదేశించింది. 2019నాటి తెలంగాణ పురపాలక చట్టం పురపాలక సంఘాల ఆదాయవ్యయ పట్టికలో పదోవంతు పచ్చదనానికి కేటాయించాలని, నాటిన మొక్కలలో 85 శాతం బ్రతికించాలని నిర్దేశించింది. నాటినవాటిని కాక బ్రతికినవాటిని లెక్కించమనడం సరియైన ఆలోచన. ఆ లెక్కను పేటలవారీగా ప్రకటించినప్పుడు దాని ప్రయోజనం రెట్టింపవుతుంది.

చట్టం అందరికీ ఒకటే అయినా దానిని వినియోగించుకొనే శక్తి అందరికీ ఒకటి కాదు. 2016లో బ్రహ్మానందరెడ్డి ఉద్యానం చుట్టూ పైవంతెనల కోసం చెట్లు తొలగించే ప్రతిపాదన వచ్చినప్పుడు పౌరులు మానవహారంగా నిలిచారు, న్యాయపోరాటం చేశారు. 2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల భూమిలో చెట్ల నరికివేతను, విద్యార్థుల నిరసనల నడుమ, సుప్రీంకోర్టు నిలిపివేసింది. అవి రెండూ ప్రశంసనీయమైన పోరాటాలు. కాని పాతపేటలలో చెట్లు వందల సంఖ్యలో ఒకేసారి కూలవు. వీధి వెడల్పు చేసేటప్పుడు ఒకటి, తీగలకు అడ్డమని ఒకటి, దుకాణం కనబడటంలేదని ఒకటి చొప్పున పోతాయి. ఒక్క చెట్టు కోసం మానవహారం ఏర్పడదు. న్యాయవాదికి ఇచ్చుకొనే రుసుము ఆ చెట్టుక్రింద కూర్చునేవారి దగ్గర ఉండదు.

ఆ చెట్టుక్రింద కూర్చునేవారు ఎవరన్న విషయాన్ని బెంగుళూరులో 44 మురికివాడలను పరిశీలించిన పరిశోధకులు 2014లో గ్రంథస్థం చేశారు. అక్కడి చెట్లక్రింద వంటలు వండుకొంటున్నారు, గిన్నెలు తోముకొంటున్నారు, పిల్లలు ఆడుకొంటున్నారు. చీపుర్లు కట్టేవారికీ, టైర్లు బాగుచేసేవారికీ అదే కార్యశాల. కూరకు, మందుకు పనికివచ్చే మొక్కలను నివాసులే పెంచుకొంటున్నారు. సంపన్నుల ఇంటి ఆవరణలో చెట్టు ఒక అలంకారం. ఇక్కడ అది ఇంటికి కప్పులేని మరొక గది. అటువంటి చెట్టును రహదారి కోసం తొలగించి, పరిహారంగా ఊరి వెలుపల పది మొక్కలు నాటినట్లు దస్త్రంలో వ్రాసినప్పుడు లెక్క సరిపోతుంది. టైర్లు బాగుచేసే మనిషి మాత్రం ఆ మధ్యాహ్నం నుండి ఎండలో కూర్చుంటాడు. ఆ పది మొక్కలలో ఒక్కటైనా అదే వీధి మొగలో నాటి, మూడు వేసవులు నీరు పోస్తే, పది పన్నెండేండ్ల తరువాత అతడి తావుకు మళ్లీ నీడ వస్తుంది.